భయానికి గుడి కట్టినవాళ్లు



దీక్ష తీసుకున్న ప్రతి ఇంటికీ ఎప్పుడో ఒకప్పుడు ఒక ప్రశ్న వస్తుంది. చుట్టాలు అడుగుతారు, పక్కింటివాళ్లు అడుగుతారు, ఒక్కోసారి మన ఇంట్లో నాయనమ్మే అడుగుతుంది. "దేవుణ్ణి వదిలేశారు, సరే. మరి దేవుడి భయం లేకపోతే మనిషి మంచిగా ఎట్లా ఉంటాడు? పిల్లలకు పాపభీతి ఎక్కడ్నుంచి వస్తుంది?" అడిగినవాళ్లేమీ చెడ్డవాళ్లు కాదు. వాళ్లకది నిజంగానే దిగులు. అందుకని నవ్వి తోసెయ్యకూడదు, జవాబు చెప్పాలి.

ఆ జవాబు కోసం ఈసారి చాలా దూరం పోదాం, ప్రాచీన గ్రీసు దేశం దాకా. భయానికి దేవుడని పేరు పెట్టి, గుడి కట్టి, బలి ఇచ్చినవాళ్లు గ్రీకులు. ఈనాడు మనం డాక్టరు దగ్గర వినే 'ఫోబియా', పేపర్లో చదివే 'పానిక్', ఈ రెండు మాటలూ వాళ్ల దేవుళ్ల పేర్లతో ముడిపడినవే. ఆ మాటల వేళ్లు తవ్వి చూస్తే మన ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది. మిగతా సగం తథాగతుడి దగ్గర ఉంది.

ఫోబోస్: కాలికి బుద్ధి చెప్పడం

గ్రీకు పురాణాల్లో ఆరీస్ యుద్ధ దేవుడు, ఆఫ్రొడైటీ ప్రేమ దేవత. హెసియడ్ అనే ప్రాచీన కవి దేవతల వంశావళి చెబుతూ ఈ ఇద్దరికీ ముగ్గురు పిల్లలంటాడు. ఫోబోస్, డైమోస్ కొడుకులు. హార్మోనియా కూతురు. కూతురి పేరుకు పొందిక అని అర్థం. కొడుకులిద్దరి పేర్లకూ భయమనే అర్థం. హోమర్ చెప్పిన ఇలియడ్ కావ్యంలో ఆరీస్ తన రథానికి గుర్రాలు కట్టమని ఈ అన్నదమ్ములకే పురమాయిస్తాడు. ఆగమెమ్నాన్ రాజు డాలు మీద వీళ్లిద్దరి బొమ్మలుంటాయి. అథీనా దేవత ధరించే కవచం మీద కూడా ఫోబోస్ ఉంటాడు.

1877లో అసాఫ్ హాల్ అనే అమెరికా ఖగోళ శాస్త్రవేత్త కుజగ్రహానికి రెండు చందమామలున్నాయని కనిపెట్టాడు. ఆ గ్రహానికి రోమన్లు పెట్టిన పేరు మార్స్. గ్రీకుల ఆరీస్‌నే రోమన్లు మార్స్ అన్నారు. అందుకే ఆ చందమామలకు కొడుకుల పేర్లు పెట్టారు, ఫోబోస్, డైమోస్ అని. జాతకంలో కుజదోషం ఉందని మన దగ్గర ఎన్ని పెళ్లిళ్లు ఆగిపోతాయో మీకు తెలుసు. ఆ కుజుడి చుట్టూ తిరిగేవాటి పేరు కూడా 'భయం' అనే ఉండటం చూస్తే నవ్వొస్తుంది.

ఇప్పుడు మాట సంగతి. హోమర్ కావ్యంలో 'ఫోబోస్' అంటే చాలా చోట్ల మనసులోని భయం కాదు, పారిపోవడం. సైన్యం చెల్లాచెదురై వెనక్కి తిరిగి పరుగెత్తడం. 'పారిపోవు' అనే క్రియ నుంచి వచ్చిన మాట అది. తెలుగులో మనం "కాలికి బుద్ధి చెప్పాడు" అంటాం చూడండి, అచ్చంగా అదే. ముందు కాళ్లు చేసిన పనికి ఉన్న పేరు, తర్వాత ఆ కాళ్లను పరుగెత్తించిన మనసుకు పేరయింది. ఎవరో వెనకనుంచి తరుముతున్నారనుకుంటే ఆ తరిమేవాడికీ అదే పేరు. అతనే దేవుడు. పైనుంచి కిందికి చూస్తే గంభీరమైన దేవుడు కనిపిస్తాడు. కిందినుంచి పైకి చూస్తే పరుగెత్తే రెండు కాళ్లు కనిపిస్తాయి.

ఫోబోస్, భయం రెండూ దగ్గర దగ్గర శబ్దాలు గదా, ఒకే వేరు నుంచి పుట్టాయేమో అని మీకు అనిపించవచ్చు. అట్లా కాదు. మన 'భయం' పాళీలోనూ సంస్కృతంలోనూ ఉన్న మాట, 'భీ' అనే ధాతువు నుంచి వచ్చింది. దాని చుట్టాలు రష్యన్, లిథువేనియన్ భాషల్లో ఉన్నాయిగానీ ఫోబోస్ దానికి చుట్టం కాదు. గ్రీకువాడి మాట పరుగు నుంచి పుట్టింది. అచ్చ తెలుగులో మనకు బెదురు, జంకు, వెరపు, గుబులు, దిగులు ఇన్ని ఉన్నాయి. ఒక్కొక్కటీ ఒక్కో రకం భయం.

ఫోబోస్ నుంచే వైద్యులు 'ఫోబియా' అన్నారు. 1871లో వెస్ట్‌ఫాల్ అనే జర్మన్ వైద్యుడు, ఖాళీ మైదానం దాటాలంటే వణికిపోయే రోగులను చూసి 'అగోరాఫోబియా' అని పేరు పెట్టాడు. అగోరా అంటే గ్రీకు ఊళ్లలో జనం చేరే బజారు. ఇక్కడొక మాట గుర్తుపెట్టుకోండి. ఫోబియా ఉన్న మనిషి పిరికివాడు కాడు, అతనికి దయ్యమూ పట్టలేదు. అది జబ్బు. దానికి వైద్యం ఉంది. తాయెత్తు కట్టించకుండా డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి.

పాన్: మంద బెదిరినప్పుడు

గ్రీసులో ఆర్కేడియా అని ఒక కొండ ప్రాంతం ఉంది. మేకలు, గొర్రెలు కాచుకునేవాళ్ల సీమ అది. అక్కడి దేవుడు పాన్. నడుము పైన మనిషి, కింద మేక. కొమ్ములు, గిట్టలు, చేతిలో పిల్లనగ్రోవి. ఏ కారణమూ కనిపించకుండా ఉన్నట్టుండి మంద బెదిరి పరుగు తీస్తే అది పాన్ పనే అనుకునేవారు. నిర్జనమైన కొండల్లో మనిషికి హఠాత్తుగా ఒళ్లు జల్లుమంటే అదీ పాన్ పనే. ఆ 'పాన్ భయం' నుంచే పానిక్ అనే మాట వచ్చింది.

క్రీ.పూ. 490లో పర్షియా సైన్యం ఏథెన్స్ మీదికి వచ్చినప్పుడు, సాయం అడగడానికి స్పార్టాకు పరుగెత్తిన వార్తాహరుడికి కొండ దారిలో పాన్ కనిపించాడట. మీ ఊరివాళ్లు నన్నెందుకు పట్టించుకోరు అని అడిగాడట. హెరొడొటస్ ఈ కథ రాశాడు. మారథాన్‌లో గెలిచాక ఏథెన్స్‌వాళ్లు తమ కోటకొండ కింద పాన్‌కు గుడి ఏర్పాటు చేసి ఏటా బలులు ఇచ్చారు. ఒక మనిషికి ఒంటరి దారిలో కలిగిన అనుభవం ఊరందరికీ ఆచారమైంది.

దీనికి పూర్తిగా ఎదురు కథ ఇంకొకటుంది. క్రీ.పూ. 401లో పర్షియా నడిబొడ్డున చిక్కుకుపోయిన ఒక గ్రీకు సైన్యంలో జెనోఫన్ అనే యువకుడు ఉన్నాడు. తర్వాత ఆ ప్రయాణం అంతా రాశాడు. ఒక రాత్రి శిబిరంలో ఉన్నట్టుండి కలకలం రేగింది. ఎందుకో ఎవరికీ తెలియదు. చీకట్లో ఒకరినొకరు పొడుచుకునే ప్రమాదం. అప్పుడు క్లియార్కస్ అనే నాయకుడు ఏ దేవుడికీ మొక్కలేదు. గట్టి గొంతున్న చాటింపువాణ్ణి పిలిచి ఇట్లా చాటించాడు: ఆయుధాల మధ్యలోకి గాడిదను వదిలినవాడెవడో చూపించినవాళ్లకు ఒక టాలెంట్ వెండి బహుమానం! విన్న సైనికులకు తమది ఉత్త భయమని, తమ నాయకులు క్షేమంగానే ఉన్నారని అర్థమైంది. శిబిరం సద్దుమణిగింది.

బంధువులారా, ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట భయానికి దేవుడి పేరు పెట్టారు, అది గుడి కట్టించుకుని కూర్చుంది. ఇంకోచోట దానికి గాడిద అని పేరు పెట్టారు, అది తెల్లారేసరికి పోయింది.

పాన్ చచ్చిపోయాడనుకోకండి. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో వదంతులు పాకినప్పుడు, దేశంలో చాలా చోట్ల దారినపోయే అమాయకులను జనం కొట్టి చంపారు. చేతబడి చేశారనే అనుమానంతో మన పల్లెల్లోనే మనుషుల ప్రాణాలు తీశారు. వాటిలో బలైనవాళ్లు ఎవరో చూడండి. ఊరికి కొత్తవాళ్లు, బిచ్చగాళ్లు, ఒంటరి ఆడవాళ్లు, పేదలు. మంద బెదిరినప్పుడు కాళ్ల కింద పడేది బలహీనులే.

పేరెత్తడానికి జంకు

భయం మాటలను పుట్టించడమే కాదు, ఉన్న మాటలను మూసేస్తుంది కూడా. గ్రీకు పురాణాల్లో ఎరినీలు అని ప్రతీకార దేవతలున్నారు. రక్తసంబంధీకులను చంపినవాణ్ణి వెంటాడి పిచ్చెక్కిస్తారు. ఆ పేరు పలకడానికి జంకి వాళ్లను 'యుమెనిడీస్' అని పిలిచారు. అంటే దయగల తల్లులు. నల్ల సముద్రాన్ని మొదట 'ఆదరించని సముద్రం' అన్నారు, తర్వాత 'ఆదరించే సముద్రం' అని మార్చి పిలిచారు. పేరు మారినందుకు అక్కడ తుఫాన్లేమీ తగ్గలేదు.

మనమేం తక్కువ తిన్నామా? రాత్రిపూట పాము అనకూడదు, పురుగు అనాలి. దీపం ఆరిపోయింది అనకూడదు, కొండెక్కింది అనాలి. ఒంటి మీద పొక్కులు లేస్తే జబ్బు అనకూడదు, అమ్మవారు పోసింది అనాలి. పేరు మారిస్తే జబ్బు శాంతిస్తుందని ఆశ. కానీ మశూచి పోయింది టీకాలతో. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ జబ్బు భూమి మీదే లేదని ప్రకటించింది. తరతరాల మొక్కులు చేయలేని పని, దాన్ని జబ్బు అని పిలవగలిగినవాళ్లు చేశారు. మన అమ్మమ్మలను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. వాళ్ల చేతిలో మందు లేదు, మొక్కు ఒక్కటే ఉంది. మన చేతిలో మందుంది.

స్పార్టా: భయం కావలికాసిన రాజ్యం

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. గ్రీకు నగరాల్లో స్పార్టా మహా వీరుల నగరమని పేరు. ఆ వీరుల నగరంలోనే భయానికి, అంటే ఫోబోస్‌కు గుడి ఉంది. ఎక్కడ? ఎఫోర్లు అనే ఐదుగురు అధికారులు భోజనం చేసే శాల పక్కన. రాజులను కూడా విచారించగల పెద్ద అధికారులు వాళ్లు. దుష్టశక్తులను దూరంగా ఉంచడానికి మొక్కినట్టు స్పార్టావాళ్లు ఫోబోస్‌కు మొక్కలేదని ప్లూటార్క్ రాశాడు. రాజ్యం భయం వల్లనే నిలబడుతుందని వాళ్ల నమ్మకం. అందుకని అధికారం పక్కనే భయాన్ని కూర్చోబెట్టారు.

ఆ భయం ఎవరి మీద పనిచేసింది? స్పార్టా పొలాలు దున్నింది స్పార్టావాళ్లు కాదు, హెలట్లు. ఓడిపోయి కట్టుబానిసలైన జనం వాళ్లు. వాళ్ల బతుకు గురించి ప్రాచీనులు రాసింది చదివితే మనకు కొత్తగా అనిపించదు. గుర్తు తెలిసేట్టు కుక్కతోలు టోపీ పెట్టుకోవాలి. తప్పు చేసినా చేయకపోయినా ఏటా లెక్క ప్రకారం దెబ్బలు తినాలి, తాము బానిసలమన్న సంగతి మరచిపోకుండా. ఎఫోర్లు పదవిలోకి రాగానే హెలట్ల మీద యుద్ధం ప్రకటించేవారు, చంపితే పాపం అంటకుండా. ఒకసారి యుద్ధంలో బాగా పనిచేసిన హెలట్లు ముందుకు రండి, స్వేచ్ఛ ఇస్తామని పిలిచారు. వచ్చినవాళ్లలో దాదాపు 2,000 మందిని ఎంపిక చేసి, పూలదండలు వేసి గుళ్ల చుట్టూ తిప్పి, తర్వాత మాయం చేశారు. ఎట్లా చంపారో కూడా ఎవరికీ తెలియనివ్వలేదు. ఇది చరిత్రకారుడు థుసిడిడీస్ రాసిన సంగతి.

తప్పు చేయకపోయినా దెబ్బలు! ఇక్కడ ఆగి ఆలోచించండి. భయం వల్ల మనిషి మంచివాడవుతాడనే వాదన ఇక్కడే కూలిపోతుంది. తప్పుకు శిక్ష అయితే నీతి నేర్పడానికి అనుకోవచ్చు. తప్పు లేకుండా దెబ్బ వేస్తే అది నేర్పేది ఒక్కటే, నీ స్థానం ఏదో తెలుసుకో అని. ఊరి వీధిలో చెప్పులు చేతబట్టుకుని నడిచిన మన తాతలకు ఈ పాఠం ఎవరూ వివరించనక్కరలేదు.

మరి ఆ గుడి కట్టినవాళ్లన్నా నిర్భయంగా బతికారా? లేదు. హెలట్లు ఎప్పుడు తిరగబడతారో అనే గుబులుతోనే స్పార్టా బతికింది. క్రీ.పూ. 464 ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చి నగరం కూలినప్పుడు వాళ్లు తిరగబడనే తిరగబడ్డారు. ఇథోమి కొండ మీద ఏళ్ల తరబడి నిలిచి పోరాడారు. చివరికి క్రీ.పూ. 369లో థీబ్స్ సేనాని ఎపామినోండాస్ అండతో మెస్సేనియా హెలట్లు స్వతంత్రులై, ఆ కొండ పక్కనే సొంత నగరం కట్టుకున్నారు. క్రీ.పూ. 227లో క్లియోమెనిస్ అనే స్పార్టా రాజు ఎఫోర్ల మీద కత్తి దూశాడు. నలుగురు చచ్చారు. ఐదోవాడు గాయాలతో పాక్కుంటూ పోయి ఒక చిన్న గుడిలో దూరి తలుపేసుకున్నాడు. అది ఫోబోస్ గుడే! ఇతరులను భయపెట్టడానికి కట్టుకున్న గుడిలో చివరికి అధికారే భయపడి దాక్కున్నాడు.

భయపెట్టేవాడే ఎక్కువ భయపడతాడనడానికి మన చరిత్రలోనూ సాక్ష్యముంది. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ వెంట మనవాళ్లు చౌదార్ చెరువు నీళ్లు తాగారు. ఎవరి మీదా చెయ్యెత్తలేదు. కాసేపటికి ఊళ్లో ఒక పుకారు లేచింది, వీళ్లు వీరేశ్వరాలయంలోకి కూడా వస్తారట అని. అంతే. కర్రలు పట్టుకుని అన్నం తింటున్నవాళ్ల మీద పడ్డారు. నీళ్లు తాగిన చేతులు చూసి వణికినవాళ్లు ఎవరు? కర్రలున్నవాళ్లు.

దేవుడి భయాన్ని ఎవరు కనిపెట్టారు?

గ్రీకుల్లోనే ఈ సంగతి పసిగట్టినవాళ్లున్నారు. క్రీ.పూ. 5వ శతాబ్దపు నాటకం ఒకదాంట్లో ఒక పాత్ర ఇట్లా వాదిస్తుంది. చట్టాలు పెట్టాక జనం బాహాటంగా తప్పులు మానేశారు, చాటుగా చేయడం మొదలుపెట్టారు. అప్పుడొక తెలివైనవాడు, చాటున చేసేది కూడా చూసేవాడు పైన ఉన్నాడని కథ కల్పించి దేవుడి భయాన్ని పుట్టించాడు. ఆ నాటకం క్రిటియాస్‌దని కొందరు, యూరిపిడిస్‌దని కొందరు అంటారు. క్రిటియాస్ ఎవరంటే ఏథెన్స్‌లో ప్రజల పాలనను కూలదోసి పెత్తనం చేసిన ముప్పైమంది నియంతల్లో ఒకడు. భయం విలువ అతనికి బాగానే తెలిసి ఉండాలి!

మూఢనమ్మకానికి గ్రీకు మాట 'డైసిడైమోనియా'. డైమోస్ పుట్టిన వేరు నుంచే దాని మొదటి భాగం వచ్చింది. దేవతలకు భయపడటం అని అర్థం. మొదట్లో అది మెచ్చుకోలు మాట, మన 'భయభక్తులు' లాగా. పోనుపోను ఎగతాళి మాటైంది. అరిస్టాటిల్ శిష్యుడు థియోఫ్రాస్టస్ అలాంటి మనిషి బొమ్మ గీశాడు. ముంగిసలాంటి జంతువు దారికి అడ్డం పోతే, ఇంకెవరైనా ముందు నడిచేదాకా కదలడు. లేదా మూడు రాళ్లు దారికి అడ్డంగా విసిరి అప్పుడు నడుస్తాడు. మన పిల్లి సంగతే! అతని పిండి సంచిని ఎలుక కొరికితే శాస్త్రం తెలిసినవాడి దగ్గరకు పోయి ఏం చేయాలని అడుగుతాడు. తోలు కుట్టేవాడికిచ్చి కుట్టించుకో అని అతను చెబితే, ఆ మాట పెడచెవిన పెట్టి బలి ఇస్తాడు. సంచి మాత్రం చిరిగే ఉంటుంది.

ప్లూటార్క్ స్వయంగా డెల్ఫీ గుడిలో పూజారి. ఆయన కూడా ఈ భయాన్ని ఏకిపారేశాడు. ఓడ ఎక్కనివాడికి సముద్ర భయం లేదు, దేవుళ్లకు భయపడేవాడికి మాత్రం అన్నీ భయమే, నిద్రలో కూడా తెరిపి లేదు అంటాడు. బానిస కూడా మరీ క్రూరుడైన యజమాని నుంచి తప్పించి వేరేవాడికి అమ్మమని కోరవచ్చు, మూఢభయం ఆ వీలు కూడా ఇవ్వదంటాడు. ఈ మాట చదివినప్పుడు 1956 అక్టోబర్ 14 గుర్తురాక మానదు. యజమానిని మార్చుకోవడానికి కాదు, యజమానే లేకుండా నిలబడటానికి లక్షలమంది నాగపూర్‌లో ఒక్క గొంతుతో 22 ప్రతిజ్ఞలు చేశారు.

గ్రీకు రాజు, అడవిలో రాత్రి

అలెగ్జాండర్ కూడా క్రీ.పూ. 331లో గౌగమేలా యుద్ధానికి ముందు రాత్రి ఫోబోస్‌కు బలి ఇచ్చాడని ప్లూటార్క్ రాశాడు. ఆ అలెగ్జాండర్ వెంట తూర్పుకొచ్చిన గ్రీకుల వారసుల్లో ఒకడు మినాండర్, సాగల నగరం నుంచి పాలించిన రాజు. మన గ్రంథాల్లో మిలిందుడు. అతని వెండి నాణేల మీద అథీనా దేవత పిడుగు విసురుతూ ఉంటుంది. అట్లాంటి రాజు, మిలిందపన్హలో, నాగసేన భిక్షువును భయం గురించే అడుగుతాడు. దండన అంటే అందరూ వణుకుతారని బుద్ధుడన్నాడు, అర్హతుడికి భయం లేదని కూడా అన్నాడు, ఏది నిజం? నాగసేనుడి జవాబు సారాంశం చిన్నది. భయానికి కారణం ఉన్నవాళ్ల గురించి మొదటి మాట. ఆ కారణాన్ని వేరుతో తీసేసినవాడిలో భయం ఎక్కడ నిలుస్తుంది?

కారణాన్ని ఎట్లా తీసేయాలో బుద్ధుడు తన అనుభవంగా భయభేరవ సుత్తంలో చెప్పాడు. బోధి కలగక ముందు, పక్షంలో జనం భయపడే రాత్రులు ఎంచుకుని, జనం భయపడే తోటల్లోకి, అడవిలోకి, చెట్ల కింది గద్దెల దగ్గరకు కావాలనే వెళ్లాడు. ఒక మృగం వచ్చేది. నెమలి పుల్ల విరిచేది. గాలికి ఆకులు గలగలమనేవి. ఇదేనా ఆ భయం అని చూశాడు. నడుస్తుండగా భయం వస్తే నిలబడలేదు, కూర్చోలేదు, అది పోయేదాకా నడుస్తూనే ఉన్నాడు. కూర్చుని ఉండగా వస్తే లేవలేదు, అది పోయేదాకా కూర్చునే ఉన్నాడు.

ఆర్కేడియా కొండల్లో పుల్ల విరిగితే పాన్ పుట్టాడు. మగధ అడవిలో పుల్ల విరిగితే, అది నెమలి అని తేలింది. ఫోబోస్ అంటే పారిపోవడం అనుకున్నాం గదా. పారిపోనివాడి దగ్గర ఫోబోస్‌కు పనేముంది?

అదే సుత్తంలో ఇంకో మాట ఉంది, మన ప్రశ్నకు తాళంచెవి. చేత, మాట, జీవనం శుద్ధిగా లేనివాళ్లు, ద్వేషం, దురాశ నింపుకున్నవాళ్లు అడవికి పోతే ఆ మలినం వల్లే భయాన్ని కొనితెచ్చుకుంటారని. అంటే మన నాయనమ్మ లెక్క తిరగబడింది. భయం వల్ల మంచి రాదు. మంచి నడత వల్ల భయం పోతుంది.

మరి పిల్లలకేం చెప్పాలి?

ఈస్కిలస్ క్రీ.పూ. 458లో రాసిన నాటకంలో అథీనా దేవత, భయాన్ని నగరం నుంచి పూర్తిగా గెంటేయవద్దని పౌరులకు సలహా ఇస్తుంది. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. నిప్పుకు జంకాలి, కరెంటు తీగకు జంకాలి, చట్టానికీ జంకాలి. ధమ్మంలోనూ ఒక జంకు ఉంది. హిరి, ఒత్తప్ప అని రెండు మాటలు. హిరి అంటే నా పట్ల నాకున్న గౌరవం వల్ల తప్పుకు సిగ్గుపడటం. ఒత్తప్ప అంటే ఆ తప్పు వల్ల జరిగే కీడు తెలిసి వెనక్కి తగ్గడం. లోకాన్ని కాపాడేవి ఈ రెండే అన్నాడు బుద్ధుడు. రెండింటిలోనూ పైనుంచి కొట్టేవాడు లేడు. కళ్లు మూసుకుని పారిపోవడం లేదు, కళ్లు తెరిచి ఆగడం ఉంది.

కొట్టేవాడి భయంతో మంచిగా ఉన్నవాడు, కొట్టేవాడు లేనిచోట ఏం చేస్తాడు? హుండీలో డబ్బు వేస్తే క్షమించే దేవుడైతే, వేసి మళ్లీ చేస్తాడు. పైగా భయం మనిషిని అన్యాయం వైపు కూడా నడిపిస్తుంది. సిగాలుడికి చెప్పిన సుత్తంలో మనిషిని తప్పుదారి పట్టించేవి నాలుగన్నాడు బుద్ధుడు: పక్షపాతం, ద్వేషం, మోహం, భయం. భయం పేరు దేవుళ్ల జాబితాలో లేదు, తప్పుదారుల జాబితాలో ఉంది. ఊరి పెద్దకు భయపడి సాక్షి మాట మార్చాడంటే, అక్కడ పనిచేసింది భయమే గదా? పాపభీతి కాదు, పెద్దమనిషి భీతి.

పంచశీలను మనం రోజూ చెప్పుకుంటాం. అవి ఏ పైవాడి ఆజ్ఞలో కావు. ప్రాణం తీయనివాడు, దొంగిలించనివాడు లెక్కలేనన్ని ప్రాణులకు అభయం దానమిస్తున్నాడని బుద్ధుడు బోధించాడు. శీలమంటే ఇదీ అసలు అర్థం. నేను భయపడి మంచిగా ఉండటం కాదు. నన్ను చూసి ఎవరూ భయపడనక్కరలేకుండా బతకడం. మన విహారాల్లో బుద్ధుడి కుడిచెయ్యి అరచేయి చూపిస్తూ ఎత్తి ఉంటుంది. అది అభయ ముద్ర. దండం పట్టిన చెయ్యి కాదు.

ఇక మన ఇళ్ల సంగతి. కొట్టే మొగుణ్ణి చూసి వణికే ఇల్లాలు ఉన్న ఇంట్లో, బెత్తం చూసి నోరు మూసుకునే పిల్లలున్న ఇంట్లో, గోడ మీద బాబాసాహెబ్ పటం ఉన్నా లోపల ఫోబోస్ గుడి ఉన్నట్టే. దాన్ని కూల్చడం కూడా దీక్షలో భాగమే. మనకంటే చిన్న కులమని ఎవరినైనా మనం బెదిరిస్తే, స్పార్టా భోజనశాల పక్కన మనం కూడా కంచం పెట్టుకున్నట్టే.

కాబట్టి నాయనమ్మ మళ్లీ అడిగితే చేయి పట్టుకుని ఇట్లా చెప్పండి. "నాయనమ్మా, పిల్లలకు దేవుడి భయం నేర్పడం లేదు, నిజమే. ఎదుటివాళ్లకు భయం కలిగించకుండా ఎట్లా బతకాలో నేర్పుతున్నాం." ఆమెకు అర్థమవుతుంది. ఎందుకంటే భయంతో బతకడమంటే ఏమిటో మనందరికంటే ఆమెకే బాగా తెలుసు.

ఈ రాత్రి ఇంట్లో ఏదైనా చప్పుడై పిల్లవాడు ఉలిక్కిపడితే కళ్లు మూసుకోమనకండి. దీపం పట్టుకుని వాడితో కలిసి వెళ్లి చూడండి. పిల్లో, గాలో, విరిగిన కొమ్మో తేల్చుకుని రండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!